అమ్మ దండెం మీద పిరమిడ్లు

మొగల్రాజపురం,
విజయవాడ.
గురువారం రాత్రి

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, పడతాను. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు, పుస్తకాల పెట్టె అంది ఆరు వారాలు. అందిందని ఒక మెసేజ్ పడేసి ఊరుకున్నాను. మిగతా కబుర్లు గబగబా కానిచ్చేస్తా: అందరం కులాసా. నీ చెల్లెలికి బ్యాంకులో ఆడిట్, ఇంటికొచ్చేసరికి తొమ్మిది. నా మోకాలు ఎప్పటిలాగే. పార్కింగ్ గొడవ తేలలేదు. ఆవకాయ మీ బావమరిదికిచ్చి పంపుతున్నాను, దార్లో వాడు మూత తియ్యకపోతే నీ అదృష్టం.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మంగళవారం నుంచి ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేనట్టుంది, నువ్వు దొరికావు.

జూన్ నుంచి పిల్లలకి ఇంట్లోనే చదువని నీకు తెలుసు. చిన్నికి ఎనిమిది, బుజ్జిగాడికి ఆరు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు ఎలాగో నడుస్తున్నాయి. బండి ఆగింది చరిత్ర దగ్గర. మనకి చరిత్రంటే పానిపట్టు మాస్టారే కదరా! 1526 చెప్పకపోతే అరచేతి మీద, 1556కి పిక్కల మీద, 1761కి వీపు మీద. మూడు యుద్ధాల్లోనూ ఓడిపోయింది మనమే. మూడోదాంట్లో నువ్వెక్కడ దాక్కున్నావో మాత్రం పిల్లలకి చెప్పలేదులే.

ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో ఐదో తరగతి దాకా చరిత్రని విడిగా పెట్టరు. పరిసరాల విజ్ఞానంలోనే ఇల్లు, ఊరు, పండగలు వచ్చేస్తాయి. రాజులూ రాజ్యాలూ ఆరో తరగతి నుంచి. ఇదేం చరిత్ర, ఏమీ లేదే అనుకున్నాను మొదట. నువ్వు పంపిన నాలుగు పుస్తకాలూ దానికి సరిగ్గా ఎదురు. ప్రాచీన కాలం, మధ్యయుగం, ఆ తర్వాత, చివరికి ఆధునికం, ఏడాదికొకటి. నాలుగేళ్ళలో ప్రపంచమంతా ఒక చుట్టు, ఐదో ఏడు మళ్ళీ మొదటికొచ్చి ఇంకాస్త లోతుగా. వరసగా కథలా సాగడం నాకు తెగ నచ్చింది. మనవాళ్ళు మాత్రం అందులో రైలు కిటికీలోంచి కనపడ్డ స్టేషన్లా వచ్చి వెళ్ళిపోతారు. అమెరికా పిల్లల కోసం రాసింది, వాళ్ళననేదేముంది.

అన్నట్టు దానితో వచ్చిన పనుల పుస్తకంలో కోడిని ఉప్పులో పాతరేసి వారాల తరబడి ఎండబెట్టి మమ్మీ చెయ్యమన్నాడు చూశావా? అమ్మకి చదివి వినిపించాను. "ఎండుచేప చెయ్యడం మాకు నేర్పుతున్నాడా వాడు?" అంది. అక్కడితో మమ్మీ పాఠం ముగిసింది.

సరే, పిల్లలకి వందేళ్ళంటే ఎంతో తెలియాలని హాల్లో తాడు కట్టాను. చిన్ని జానతో ఒక జానకి వందేళ్ళు. కిటికీ దగ్గర ఈ ఏడు. ఏడున్నర జానల దగ్గర రుద్రమదేవి, పదహారు దగ్గర ఉండవల్లి గుహలు, ఇరవై దాటాక అమరావతి స్తూపం. పిరమిడ్లు నలభై అయిదు జానలు! హాలు చాలక తాడు వంటింట్లోకి పోయింది, పిరమిడ్ల కార్డు పొయ్యి పైన వేలాడింది. ఇంతకీ అది కొత్త తాడు కాదు, వానాకాలం అమ్మ బట్టలారేసుకునే దండెం. ఆవిడ ఊరుకుంటుందా? మర్నాటికి రుద్రమదేవికీ ఉండవల్లికీ మధ్య బుజ్జిగాడి నిక్కరు, స్తూపం మీద తడి తువ్వాలు. "చదువు చెప్పుకోండి, కాదన్నానా? నా దండెం నాకివ్వండి."

అసలు ఈ ఇంటిచదువంటేనే అమ్మకి పడదు. మేనత్తలందరూ ఫోన్ చేసి సర్టిఫికెట్టు సంగతేమిటని అడుగుతుంటే మధ్యలో నలిగేది ఆవిడే. ఓపెన్ స్కూల్లో ఎ, బి, సి అని మూడు మెట్లున్నాయి, అవి 3, 5, 8 తరగతులకి సమానం అని ఎన్నిసార్లు చెప్పినా "ఏమోనమ్మా, మావాడు ఏదో అంటున్నాడు" అనే జవాబు.

మంగళవారం మధ్యాహ్నం ఒకటే వాన. ఈజిప్టు పాఠం. వందేళ్ళ కిందటి ఇంగ్లండు టీచరమ్మ షార్లట్ మేసన్ పద్ధతి ఒకటుంది కదా, మనం చదివి వినిపించడం, పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పడం. ప్రశ్నపత్రం ఉండదు. బుజ్జిగాణ్ణి చెప్పమన్నాను. నైలు వరదలు, ఒండ్రు మట్టి, పంటలు, అన్నీ కలిపి వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "నది పొంగింది. అందరూ అన్నం తిన్నారు."

నేను నవ్వుతున్నాను. బట్టలు మడతపెడుతున్న అమ్మ నవ్వలేదు. "నీళ్ళు పొంగితే అన్నం తింటార్రా?" అని లేచి దండెం దగ్గరికొచ్చింది. 1957 ప్రకాశం బ్యారేజీ కార్డు ఎక్కడని చిన్నిని అడిగింది. తెలుసుగా, "నేనూ బ్యారేజీ ఒక ఈడు" అనేది ఆవిడ పాత పాట. చిన్ని చూపించింది, జానలో ముప్పావు కూడా లేదు. "ఇంతేనా నా బతుకు?" అంది. అని, "మరి ఉప్పెనేదే?"

నేను పుట్టింది దివిసీమ ఉప్పెన తర్వాత అయిదేళ్ళకి. అమ్మ వాళ్ళది నాగాయలంక దగ్గరని తెలుసు. కానీ ఆ రోజు గురించి ఇన్నేళ్ళలో నాకు ఒక్క మాట చెప్పలేదురా, నేనూ అడగలేదు. పిల్లలకి చెప్పింది. ఏడవకుండా, కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది. ముందు రోజు నుంచే గాలి. వీళ్ళందరూ స్కూలు డాబా ఎక్కారు. నీళ్ళు తీశాక ఇంటికొస్తే లోపల గోడకి చుట్టూతా తెల్లటి ఉప్పు చార, ఆవిడ గుండెల ఎత్తున. తాతయ్య ప్రతి సంక్రాంతికీ వెల్ల వేయించేవాడట, ఆ చార ఉన్న జానెడు మేర మాత్రం వదిలేయించేవాడట. "ఎందుకు?" అంది చిన్ని. "లెక్క కోసం" అంది అమ్మ.

"ఇప్పుడుందా ఆ చార?"

"ఇల్లే పడగొట్టేశారు."

"మరి నిజమని ఎట్లా తెలుస్తుంది నాయనమ్మా?"

నా గుండె ఆగింది. కొట్టేదాన్నే అన్నట్టు చూసింది నీ చెల్లెలు (ఆ రోజు సెలవు పెట్టింది). అమ్మ మాత్రం కాసేపాలోచించి, "కార్తీక మాసం, నవంబరు 19, శనివారం. చూసుకో" అంది. చిన్ని నా ఫోన్ లాక్కుని 1977 క్యాలెండర్ తీసింది. శనివారమే. అది కార్డు రాసి అర జాన దగ్గర పెడితే, అమ్మ ఇంకో గోరంత ఇటు జరిపించింది. దాని కొలత తప్పింది మరి.

పానిపట్టు మాస్టార్ని ఆ మాట అడిగుంటే మనం ఇంకా బతికుండేవాళ్ళమా? ఏ పుస్తకం కొన్నా, ఏ పద్ధతి పెట్టినా ఈ ఒక్క ప్రశ్నకి చోటుండాలి, అంతే నాకు కావలసింది.

అందుకని తాడు ఈ కొస నుంచే మొదలుపెట్టాను. నాయనమ్మ, ఉప్పెన, బ్యారేజీ, 1952 వరదకి పాత ఆనకట్టకి పడ్డ గండి, 1855లో ఆ ఆనకట్ట కట్టడం, అంతకుముందు 1832-33లో గుంటూరు సీమని తుడిచిపెట్టిన డొక్కల కరువు. అట్లా వెనక్కి వెనక్కి ఉండవల్లి దాకా, ఈ ఏడాదికి చాలు. నీ పుస్తకాలు రాత్రిపూట కథలకి. అలగకు, బుజ్జిగాడికి అవి లేకపోతే నిద్ర రాదు. ఇంకోటి, నువ్వు లండన్ మీదుగా వచ్చేటప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి రాళ్ళున్నాయి, దగ్గర్నుంచి ఫొటోలు తియ్యి. మద్రాసువి మేం చూసొస్తాం.

ఒక్కటి మిగిలింది. అమ్మ చెబుతూ చెబుతూ "డాబా మీద నా చెయ్యి పట్టుకుని చిట్టి..." అని ఆగిపోయింది. తువ్వాలు తీసి, మడతపెట్టిందాన్నే మళ్ళీ మడతపెట్టింది. చిట్టి ఎవరో నాకు తెలీదురా. ఆ పేరెప్పుడూ వినలేదు. ఆదివారం నాగాయలంక పెదమావయ్య దగ్గరికి వెళ్తున్నాం, రెండో సాక్ష్యం కావాలట చిన్నికి. అడగాల్సిన ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుంది. మొదటిది, నీళ్ళు ఎంత ఎత్తు. రెండోది, చిట్టి ఎవరు. ఆ రెండోది కొట్టేయించాలా వద్దా అని

మీ బావమరిది కింద హారన్ కొడుతున్నాడు, ఉత్తరం కూడా వాడి చేతికే. మిగతాది వచ్చాక రాస్తా.

నీ
బాబు