ర్యాప్ టాప్‌లు తీసుకున్నవారికి, ఇంకా ఎదురుచూస్తున్నవారికి

ఏప్రిల్, మే నెలల్లో మా షాపులో 26 మంది ర్యాప్ టాప్ కుట్టించుకున్నారు. వాటిలో 11 తిరిగి వచ్చాయి. రెండు ఉతుకులకే మెడ జారిపోయిందని, కాస్త వంగితే ముందు భాగం విచ్చుకుంటోందని, కాలేజీకీ ఆఫీసుకీ వేసుకెళ్లాలంటే లోపల ఇంకొకటి వేసుకోవలసి వస్తోందని చెప్పారు. మీరు చెప్పింది అక్షరాలా నిజం. లోపం మీ ఒంటిది కాదు, గుడ్డ కత్తిరించడానికి వాడిన కాగితం నమూనాది, అదే ప్యాట్రన్‌ది, అంతకన్నా కాదు. నా పనిది. ఎక్కడ తప్పానో, ఇప్పుడు ఏం చేస్తున్నానో వివరంగా చెప్పడం నా బాధ్యత.

విశాఖ ఎంవీపీ కాలనీలో ఈ షాపు పెట్టి 14 ఏళ్లు. ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని, సుద్దతో గుడ్డ మీదే గీసి కత్తిరించడం నాకు అలవాటైన పని. కాగితం ప్యాట్రన్‌తో కుట్టడం ఈ ఏడాదే మొదలుపెట్టాను. విదేశీ కంపెనీ ప్యాట్రన్ ఒకటి కొన్నాను. పల్చటి కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి అన్ని సైజుల గీతలూ ఉంటాయి. ర్యాప్ టాప్‌లో ముందు వైపు రెండు భాగాలు ఒకదాని మీదకు ఒకటి వచ్చి, నడుము దగ్గర పట్టీలతో ముడి పడతాయి. జిప్పు లేదు, హుక్కు లేదు, గుండీ లేదు. 1974లో డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ ర్యాప్ డ్రెస్సుకు పేరు తెచ్చింది జెర్సీ గుడ్డతోనే. సాగే గుడ్డ ఒంటిని పట్టుకుని ఉంటుంది కాబట్టే ఒక్క ముడి సరిపోతుంది. ఆ పట్టు తప్పితే ఆపడానికి ఇంకేమీ ఉండదు.

మనం బనియన్ గుడ్డ అంటామే, జెర్సీ ఆ జాతిదే. పడుగూ పేకా ఉండవు. దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది, అందుకే సాగుతుంది. ఎంత సాగాలో చూసుకోవడానికి ప్యాట్రన్ కవరు మీద ఒక కొలబద్ద అచ్చు వేసి ఉంటుంది. నేను కొన్న ప్యాట్రన్‌కైతే, నాలుగు అంగుళాల గుడ్డ మడత ఐదున్నర దాకా సులువుగా సాగాలి, వదిలేస్తే మళ్లీ నాలుగుకు రావాలి. తిరుపూర్ నుంచి వచ్చిన మొదటి గుడ్డ 95 పాళ్లు కాటన్, 5 పాళ్లు లైక్రా. దాన్ని కొలబద్ద మీద పెట్టి చూశాను, చక్కగా సాగి వెనక్కి వచ్చింది. రెండోసారి తెచ్చిన విస్కోస్ గుడ్డ చేతికి వెన్నలా తగిలింది. రంగు నచ్చింది, కొలవకుండానే కత్తెర పెట్టాను. తరువాత చూస్తే ఐదున్నర దాకా సాగుతోంది, కానీ వదిలేస్తే నాలుగుకు రాకుండా నాలుగున్నర దగ్గరే ఆగిపోతోంది. తిరిగి వచ్చిన 11లో 7 ఆ గుడ్డవే.

మరి మిగిలిన నాలుగు? అవి మంచి గుడ్డతో కుట్టినవే. వాటిలో ఒకదాన్ని ఒక రాత్రి షాపు మూశాక కటింగ్ బల్ల మీద పరిచి, ముందు ముక్క తాలూకు కాగితాన్ని దాని పక్కన పెట్టి, భుజం నుంచి నడుము దాకా మెడ అంచు వెంబడి టేపు నిలబెట్టి కొలిచాను. కాగితం మీద 23 అంగుళాలు. టాప్ మీద 25. రెండు అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ర్యాప్ మెడ అంచు గుడ్డ మీద ఐమూలగా నడుస్తుంది. నేసిన గుడ్డే ఐమూలగా కత్తిరిస్తే సాగుతుంది, ఇది పుట్టుకతోనే సాగే గుడ్డ. మా పాత మిషన్ పాదం పైనుంచి నొక్కుతూ ఉంటే, కింద పళ్లు ముందుకు లాగుతూ ఉంటే, కుట్టు పడుతున్నప్పుడే అంచు పెరుగుతూ పోయింది. జాకెట్టు మెడకు క్రాస్ ముక్క వేసినట్టే దీనికీ మెడ పొడవుకు సరిసమానమైన పట్టీ వేశాను. ఆ పట్టీ మెడను లోపలికి పట్టి ఉంచాలి, అంటే మెడకన్నా పొట్టిగా ఉండాలి. ఈ మాట ప్యాట్రన్‌తో వచ్చిన కాగితంలో రాసే ఉంది. ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా అని ఆ పేజీ దాటేశాను. ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది.

సైజు విషయంలోనూ పొరబడ్డాను. ఇలాంటి ప్యాట్రన్లు చాలావరకు బ్రా సైజుల్లోని బి కప్పు కొలతకు గీస్తారు. అంతకన్నా నిండుగా ఉన్నవారికి ఛాతీ చుట్టుకొలతను బట్టి సైజు తీస్తే భుజాలూ మెడా కూడా పెద్దవైపోతాయి, మెడ కిందికి జారుతుంది. చంకల కిందుగా, ఛాతీ పైభాగం చుట్టూ తీసిన కొలతతో సైజు ఎంచుకుని, ముందు ముక్కలో మాత్రమే కావలసినంత వెడల్పు కలపాలి. ఇకపై కొలతలకు వచ్చినప్పుడు టేపు రెండు చోట్ల పెడతాను, మొహమాటపడకండి.

ఇంకొక లోపం ఒక అమ్మాయి చూపించే దాకా నా కంటపడలేదు. టాప్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పక్క కుట్టు వెంట సూది మొనంత చిల్లులు వరుసగా కనిపించాయి. మామూలు సూది దారాన్నే పొడుస్తుంది. ఒక ఉచ్చు తెగితే పక్క ఉచ్చులు జారతాయి. దానికి తోడు సముద్రపు గాలికి మన ఊళ్లో సూదులు త్వరగా తుప్పు పడతాయి. ఇప్పుడు సాగే గుడ్డలకు 11 నంబరు బాల్ పాయింట్ సూదినే వాడుతున్నాను. దాని మొన గుండ్రంగా ఉంటుంది, ఉచ్చుల మధ్య సందులో దిగుతుంది. మూడు టాప్‌లకు ఒక సూది, ఆ తరువాత పారేయడమే.

గత నెలలో ఒక పాత నాలుగు దారాల ఓవర్‌లాక్ మిషన్, అంటే అంచును కోస్తూ కుట్టేది, కొన్నాను. దానికి పళ్లు రెండు జతలు. ముందు జత వెనక జతకన్నా వేగంగా గుడ్డను నెట్టేలా తిప్పుకోవచ్చు, అప్పుడు అంచు అలలు తిరగదు. అచ్యుతాపురంలో దుస్తుల కర్మాగారంలో పనిచేసిన ఒక అక్క ఇప్పుడు మాతో ఉంది. మెడ కుట్టులో పావు అంగుళం పారదర్శక ఎలాస్టిక్ కలిపి కుట్టడం, ఛాతీ మీదకు వచ్చేచోట దాన్ని రవ్వంత బిగించి పట్టుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. పట్టీని మెడ పొడవులో పదింట తొమ్మిది వంతులకు కత్తిరిస్తున్నాం. ఇలా కుట్టిన టాప్ ఒకటి నేనే వేసుకుని, ఆరుసార్లు ఉతికి, మళ్లీ టేపు పెట్టాను. మెడ 23 అంగుళాల దగ్గరే ఉంది.

ఇక లెక్కలు. విస్కోస్ గుడ్డ టాప్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ, తిరిగి ఇవ్వనివారికి కూడా, పూర్తి డబ్బు వాపసు ఇస్తాను, లేదా మంచి గుడ్డతో కొత్తది కుట్టిస్తాను. ఏది కావాలో మీరే చెప్పండి. ఆ గుడ్డ ఇంక బాగుపడదు, దాన్ని మళ్లీ కుట్టి మీకు అంటగట్టలేను. కాటన్ టాప్‌లకైతే మెడ విప్పి, కొత్త పట్టీ, ఎలాస్టిక్ వేసి ఇస్తాను, ఖర్చు నాదే. బిల్లు లేకపోయినా ఫరవాలేదు, నా కుట్టును నేను గుర్తుపడతాను. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కాబట్టి జాకెట్ల ఒత్తిడి తక్కువ. ఈ నెలలోనే తెచ్చి ఇస్తే నింపాదిగా, శ్రద్ధగా చేయగలను. శ్రావణం వచ్చిందంటే వారానికి నాలుగు టాప్‌లకు మించి ఒప్పుకోను.

టాప్ ధర 850 నుంచి 1,000 రూపాయలకు పెరుగుతోంది. గుడ్డను ముందే ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే మీ ఇంట్లో కుంచించుకుపోతుంది. ఎలాస్టిక్, సూదులు కాక ఒక్కో టాప్ మీద గంటన్నర అదనంగా పడుతోంది. అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న తొమ్మిది మందికి మాత్రం పాత ధరే.

చాలామంది, "లోపల కొంచెం మార్జిన్ వదలండి, ఒళ్లు చేస్తే విప్పుకుంటాం" అంటారు. జాకెట్టుకు ఎప్పుడూ వదులుతాను, ఇక ముందూ వదులుతాను. ఈ టాప్‌కు వదలలేను. ఓవర్‌లాక్ అంచును కోసుకుంటూ కుడుతుంది, అయినా మార్జిన్ వదిలితే ఆ గుడ్డ లోపల మందంగా ముడుచుకుని పైకి కనిపిస్తుంది. కాస్త ఒళ్లు చేసినా ఈ గుడ్డ సర్దుకుంటుంది, ముడిని అర అంగుళం జరుపుకుంటే చాలు.

ఉతికాక తడి టాప్‌ను తీగ మీదో బాల్కనీ రెయిలింగ్ మీదో వేలాడదీయకండి. నీటి బరువుకు భుజాలూ మెడా దిగజారిపోతాయి. తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తి, మంచం మీద పరవండి. మన ఊరి తేమకు ఆరడానికి ఒక పూట ఎక్కువ పడుతుంది. ఇస్త్రీ పెట్టెను ఈడ్చకుండా, ఎత్తి ఎత్తి అద్దండి.

కొత్తగా కుట్టించుకునేవారు ఆది జాకెట్టు తేవద్దు, దాని కొలతలు దీనికి పనికిరావు. మీ ఒంటికి బాగా కుదిరిన టీషర్టు ఒకటి తెండి. ఆదివారం తప్ప ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా షాపులోనే ఉంటాను.