కేజీఎఫ్ ఖాళీ ఊరు కాదు, మంత్రి గారూ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా కుప్పం వాళ్లకు కేజీఎఫ్ పక్కూరు లెక్క. అందుకే కోలారు బంగారు గనుల మీద డాక్యుమెంటరీ వచ్చిందంటే వదలకుండా చూస్తాను. నేను చూసినవాటిలో చాలావరకు ఒకటే వరస. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద డ్రోన్ ఎగురుతుంది, గనిలోకి దిగే తుప్పుపట్టిన షాఫ్ట్ దగ్గర ఆగుతుంది, వెనక వయొలిన్ మోగుతుంది. మనిషి జాడ ఉండదు.

తెల్లవారుజామున కేజీఎఫ్‌లోని మారికుప్పం స్టేషన్‌కు వెళ్తే ఆ మనుషులు దొరికేవాళ్లు. బెంగళూరు పనులకు పోయేవాళ్లతో రైలు కిక్కిరిసి ఉంటుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఊరంతా బతుకు కోసం పట్టాలెక్కింది. కూలిన గోడ కెమెరాకు అందంగా ఉంటుంది. నిలబడి కునుకు తీసే కూలీ అంత అందంగా ఉండడు కాబోలు.

పోనీ, గని లోపలి సంగతైనా చెబుతారా అంటే అదీ లేదు. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. ఆ ఉడుకులో, బండ ఎప్పుడు పేలుతుందో తెలియని చోట, రాతిదుమ్ము పీలుస్తూ తరాల తరబడి పనిచేశారు. 1965లో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టిన శాస్త్రవేత్తలు దిగిందీ ఆ గనిలోకే. వాళ్లను కిందికి దించినవాళ్లెవరో నేను చూసిన ఏ ఫిల్మూ అడగలేదు.

ఏం చూపాలో మీరు శాసించమని అడగడం లేదు. అది ఇంకా పెద్ద ప్రమాదం. 1948లో పుట్టిన ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిలిమ్స్ డివిజన్‌ను 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు కదా. సినిమాకు ముందు దాని న్యూస్‌రీల్ పడితే పల్లీలకని బయటికెళ్లిన తరం మాది! ఇప్పుడు ఆ రీళ్లే కావాలి. తిరిగే యంత్రం, దాని పక్కన చెమటోడ్చే మనిషి ఉన్నది వాటిలోనే. ఏ ఊరి ఫ్యాక్టరీ, ఏ ఏడాది అని ఊళ్లవారీగా జాబితా వేసి బయటపెట్టండి. మూతపడిన మిల్లుల, గనుల మీద తీసేవాళ్లకు ఉచితంగా ఇవ్వండి.

దానితోపాటు, గని దిగిన పెద్దల మాటలను వాళ్ల తమిళంలో, తెలుగులో, కన్నడలో రికార్డు చేయించండి. ఇది మాత్రం ఈ ఏడాదే మొదలవ్వాలి. నలభై ఏళ్ల వయసులో చివరి షిఫ్టు దిగినవాళ్లు అప్పుడే అరవై దాటేశారు.

ఇట్లు,
కుప్పం నుంచి ఒక ప్రేక్షకుడు