మా చేతులు నేర్చుకున్న కీలు మార్చకండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా డీటీపీ పని, అంటే అచ్చుకు వెళ్లే పేజీలను కంప్యూటర్‌లో తయారుచేసే పని, చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, కవితా సంకలనాలు, కాలేజీల క్వశ్చన్ పేపర్లు, ఏది వస్తే అది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల పేరుతో మెనూలు, షార్ట్‌కట్ కీలు ఇష్టం వచ్చినట్టు మార్చేయడం గురించి ఈ ఉత్తరం. పత్రికల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, మా లాంటి వాళ్ల రోజు కూలి దీని మీదే నడుస్తుంది.

కొన్నేళ్ల కిందట జరిగింది చెబుతాను. ఒకాయన వాళ్ల నాన్నగారి పెద్దకర్మ కార్డు వేయించడానికి వచ్చారు. తెచ్చింది పాత పాస్‌పోర్టు సైజు ఫొటో, ఒక మూల స్టూడియో ముద్ర కూడా ఉంది. స్కాన్ చేసి, మచ్చలు తుడిచి, పెద్దది చేసి కార్డులో పెట్టాలి. ఫొటో పెంచేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టి మూల లాగుతాం. అలా లాగితే పొడవూ వెడల్పూ సమంగా పెరుగుతాయి, ముఖం సాగదు. పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. ఆ రోజు కూడా అలాగే లాగాను. ముందు రోజు రాత్రి ఆ ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందని నాకు తెలుసు. షిఫ్ట్ పని తలకిందులైందని మాత్రం తెలీదు. కొత్త పద్ధతిలో ఏ కీ పట్టుకోకుండా లాగితేనే ముఖం సరిగ్గా ఉంటుందట, షిఫ్ట్ పట్టుకుంటే సాగుతుందట. బుగ్గలు కొంచెం వెడల్పయ్యాయి, నా కంటికి ఆనలేదు. మూడొందల కార్డులు అచ్చయిపోయాయి. సాయంత్రం ఆయన వచ్చి కట్ట విప్పి, పై కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. “నాన్న ముఖం ఇలా ఉండదమ్మా” అన్నారు. అంతే అన్నారు, కోప్పడలేదు. రాత్రి పదకొండింటికి మళ్లీ అచ్చు వేయించి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు.

ప్రూఫ్ ఇంకోసారి చూసుకోవాల్సింది, ఆ తప్పు నాదే. కానీ అన్నేళ్లు ఆ కీ మీద నమ్మకంతో పనిచేశాను. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో చెల్లకుండా చేసినవాళ్లు, పొద్దున నేను ఆ సాఫ్ట్‌వేర్ తెరవగానే “ఈ కీ మారింది, పాతదే కావాలా?” అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. పాత పద్ధతికి వెళ్లే దారి ఉందని నాకు చాన్నాళ్ల తర్వాత ఇంకో సెంటరు అబ్బాయి చెప్తే తెలిసింది.

మా నాన్న సీసం అక్షరాలు పేర్చి అచ్చు వేసే లెటర్‌ప్రెస్‌లో కంపోజిటర్. చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళ్లి ప్రెస్సులో ఆయన పక్కన నిలబడేదాన్ని. ఎదురుగా గళ్లు గళ్లుగా చెక్క కేసు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఒక్కోదానికి ఒక్కో గడి. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కళ్లు రాతప్రతి మీద. కుడి చెయ్యి తనంతట తనే గడిలోకి వెళ్లి అక్షరం తెచ్చేది. అచ్చయిపోయిన మేటరు విడదీసి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేయడం కుర్రాళ్ల పని. ఒక గడిలో పడాల్సింది పక్క గడిలో పడితే మర్నాడు ప్రూఫులో తేలేది, నాన్న కేకలు వేసేవారు. అలాంటిది రాత్రికి రాత్రి ఎవరో వచ్చి కేసు మొత్తం కొత్త వరుసలో సర్ది, “ఇది ఇంకా బాగుంటుంది” అని చెప్పి వెళ్లిపోతే ఆ ప్రెస్సులో పని సాగేదా? ఏ యజమానీ అలా చేయనిచ్చేవాడు కాదు. ఇవాళ మా కంప్యూటర్లలో జరుగుతున్నది అదే.

ఒక్క కంట్రోల్-డి సంగతి చూడండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అది నొక్కితే బయటి ఫైలును పేజీలోకి తెచ్చే పెట్టె వస్తుంది. బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో బొమ్మకు నకలు పుడుతుంది. ఫొటోషాప్‌లో సెలెక్షన్ పోతుంది. వర్డ్‌లో ఫాంట్ పెట్టె తెరుచుకుంటుంది. ఎక్సెల్‌లో పై గడిలో ఉన్నది కింది గడిలోకి దిగుతుంది. బ్రౌజర్‌లో బుక్‌మార్క్ అవుతుంది. విండోస్‌లో ఫైళ్లు చూసుకునే కిటికీలో అదే నొక్కితే సెలెక్ట్ చేసిన ఫైలు నేరుగా రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. ఒక శుభలేఖ పూర్తి చేయడానికి వీటిలో నాలుగైదింటి మధ్య తిరుగుతాం. ఎప్పుడు ఎందులో ఉన్నామో గుర్తు పెట్టుకోవడం చేతికి రాదు, బుర్రే మోయాలి. అలా మోసి మోసి అలవాటైన దాన్ని కూడా అప్‌డేట్ వచ్చి మళ్లీ కలిపేస్తుంటే ఎలా?

ఒకే పద్ధతి కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జెడ్, ఎక్స్, సీ, వీ కీబోర్డు కింది వరుసలో పక్కపక్కనే ఉంటాయి. 1983లో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్‌లో వీటినే అన్‌డూకి, కట్‌కి, కాపీకి, పేస్ట్‌కి పెట్టారు. కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపం ఇచ్చిన వాళ్లలో ఒకరైన లారీ టెస్లర్ ఆ లీసా మీదా పనిచేశారు, 2020లో పోయారు. నలభై ఏళ్లు దాటినా ఆ నాలుగు కీలూ ప్రపంచమంతా అలాగే ఉన్నాయి. 1987లో ఐబీఎం వాళ్లు సాఫ్ట్‌వేర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని కొన్ని నియమాలు రాశారు. ఎఫ్-1 నొక్కితే హెల్ప్ రావడం వాటిలోదే. షిఫ్ట్-ఇన్సర్ట్‌తో పేస్ట్ కూడా అప్పటి నుంచి వస్తున్నదే, విండోస్‌లో ఇవాళ్టికీ పనిచేస్తుంది, కావాలంటే నొక్కి చూడండి.

పెద్ద మార్పు చేస్తూ కూడా పాతవాళ్ల చెయ్యి విరగ్గొట్టకుండా ఉండొచ్చని చూపించిన వాళ్లూ ఉన్నారు. 2007లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో మెనూలు తీసేసి, పైన బొత్తాల పట్టీలా ఉండే రిబ్బన్ పెట్టారు. అయినా ఎక్సెల్‌లో ఆల్ట్, ఈ, ఎస్ వరుసగా నొక్కితే పేస్ట్ స్పెషల్ వచ్చే పాత దారిని మూసేయలేదు. నాకు ఇంకా దగ్గరి ఉదాహరణ, పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్. పేజ్‌మేకర్ 7 తర్వాత ఇక కొత్తది రాదని తెలిసి మేమంతా దిగులు పడ్డాం. పేజ్‌మేకర్‌లో కంట్రోల్-ఈ నొక్కితే మేటరు దిద్దుకునే స్టోరీ ఎడిటర్ వచ్చేది. ఇన్‌డిజైన్‌లో అదే నొక్కితే ఎక్స్‌పోర్ట్ వస్తుంది. మొదటి రోజు నాలుగుసార్లు పొరపడ్డాను. తర్వాత ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచి చూస్తే, “పేజ్‌మేకర్ 7 షార్ట్‌కట్లు” అని ఒక సెట్టు సిద్ధంగా ఉంది! అది ఎంచుకోగానే నా చేతులు నాకు తిరిగొచ్చినట్టయింది. ఎక్కడో కూర్చున్న ఎవరో, నాలాంటి వాళ్లు ఉంటారని తలచుకుని ఆ పని చేశారు. వాళ్లకు ఇన్నేళ్లకి ఈ ఉత్తరంలో దండం పెడుతున్నాను.

తెలుగు టైపింగులో మనం పడ్డ అవస్థ వేరే చెప్పాలి. నేను ముందు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు లోయర్ పాసయ్యాను. డీటీపీకి వచ్చాక అది పనికిరాలేదు, అను ఫాంట్లకు ఆపిల్ అనే కీల అమరిక నేర్చుకున్నాను. పక్క వీధిలో సెంటరు మారితే అక్కడ మాడ్యులర్ అనే ఇంకో అమరిక. నెల రోజులు సగం జీతం మీద పనిచేశాను, ఎందుకంటే సగం వేగమే వచ్చేది. నిజానికి దేశమంతటికీ పనికొచ్చే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అప్పటికే ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే దాన్ని ఐఎస్ 13194 ప్రమాణంలో చేర్చింది. అందులో తెలుగు క, హిందీ క ఒకే కీ మీద ఉంటాయి, షిఫ్ట్ పట్టుకుంటే రెండిటిలోనూ ఖ వస్తుంది. అది మొదట్లోనే అందరూ పాటించి ఉంటే మా తరం ఆపరేటర్లు ఒక్కసారి నేర్చుకుని ఊరుకునేవాళ్లు. ప్రమాణం కాగితం మీద ఉండి, అమ్మేవాళ్లకు దాని పట్టింపు లేకపోతే ఏమవుతుందో మేం చూశాం.

మా దగ్గర క్వశ్చన్ పేపర్లు చేయించే లెక్చరరు ఒకాయనకు చూపు లేదు. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే ఆయన కంప్యూటరు వాడతారు. మౌసు ఆయనకు అక్కరకు రాదు. మెనూలో ఏ మాట ఎన్నో వరుసలో ఉందో లెక్కపెట్టుకుని, కింది బాణం అన్నిసార్లు నొక్కుతారు. ఒక వరుస కొత్తగా చొప్పించినా, ఒకటి పైకి జరిపినా ఆయన లెక్క మొదటి నుంచీ మొదలు. నాకు కనీసం కళ్లతో వెతుక్కునే వీలుంది.

అప్‌డేట్లు వద్దని నేను అనడం లేదు. వైరస్‌లు రాకుండా చేసే మరమ్మతులు కావాలి, రావాలి. ఆ మరమ్మతుతో పాటు మెనూ మార్పు కలిపి పంపకండి, రెండూ వేరు చేయండి. కీ మార్చాల్సి వస్తే మొదటిసారి తెరవగానే చెప్పి, పాత సెట్టు ఎంచుకోనివ్వండి. సేవ్, ప్రింట్, వెతకడం, ఫైలు తేవడం, ఎక్స్‌పోర్ట్ లాంటి రోజువారీ పనులు పదిహేనో ఇరవయ్యో ఉంటాయి, వాటికైనా అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకే కీ, మెనూలో ఒకే చోటు ఉండేలా భారతీయ ప్రమాణాల సంస్థ పూనుకోవాలి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు టెండర్లో ఈ షరతు రాయొచ్చు. కొనేవాళ్లు అడిగితే అమ్మేవాళ్లు ఇస్తారు.

ఇప్పుడు మా సెంటరులో ఇద్దరు అమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. మానిటరు పక్కన గోడకు నేను చేత్తో రాసి అంటించిన షార్ట్‌కట్ల కాగితం ఉంది. దాని మీద ఇప్పటికి మూడు రంగుల ఇంకుల్లో కొట్టివేతలు ఉన్నాయి. పోయిన వారం ఇంకో అప్‌డేట్ వచ్చింది. సోమవారం పొద్దున వాళ్లలో చిన్నమ్మాయి ఆ కాగితం ముందు నిలబడి, “అక్కా, ఇందులో ఏవి పనిచేస్తాయి?” అని అడిగింది. అన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి చెబుతానన్నాను. ఇంకా సగం మిగిలాయి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటరు,
గవర్నర్‌పేట, విజయవాడ