పార్కులు నడవగలిగేవాళ్లకేనా?

సంపాదకులు గారికి,

విశాఖలో కొత్త పార్కు అనగానే వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, సెల్ఫీలకు రంగురంగుల అక్షరాలు తప్పనిసరి అయిపోయాయి. ఇవన్నీ ఇప్పటికే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పనికొచ్చేవి. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్న పిల్లలు చాలాచోట్ల గేటు దగ్గరే ఆగిపోతున్నారు. బైకులు లోపలికి రాకూడదని గేటులో పాతిన ఇనప గొట్టాల మధ్య నుంచి వీల్‌చైర్ దూరదు మరి.

మా అత్తగారికి పక్షవాతం వచ్చాక, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి "రోజూ కాసేపు చెట్ల కిందికి, నలుగురిలోకి తీసుకెళ్లండమ్మా" అని చెప్పింది. చెప్పినంత తేలిక కాదు. మేము వెళ్లే పార్కులో ర్యాంపు ఉంది కానీ, స్కూటర్‌ని ఆటోలోకి ఎక్కించడానికి వేసే చెక్కలా నిటారుగా ఉంటుంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు ఉండాలని ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి. బెంచీలకు వెనక ఆనుకోవడానికీ లేదు, లేచేటప్పుడు పట్టుకోవడానికీ లేదు. టాయిలెట్‌కు తాళం. పొద్దున్నే స్పీకర్లలో పాటలు. ఆవిడ రెండోసారి రానంటే నేను బలవంతపెట్టలేదు.

ఇలాంటివారి కోసమే కొన్ని దేశాల్లో పార్కుల్లో కొంత భాగాన్ని 'థెరప్యూటిక్ గార్డెన్'గా తీర్చిదిద్దుతున్నారు. సింగపూర్‌లో 2016లో హోర్ట్‌పార్క్ అనే ఉద్యానంతో మొదలుపెట్టి, 2030 నాటికి ముప్పై చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. వాటిలో అద్భుతాలేమీ ఉండవు. మతిమరుపు ఉన్నవాళ్లు దారి తప్పకుండా, ఎటు నడిచినా మొదలుపెట్టిన చోటికే చేర్చే బాట ఉంటుంది. కుర్చీలో కూర్చునే చేతులు మట్టిలో పెట్టగలిగేంత ఎత్తులో మడులు ఉంటాయి. తాకడానికీ వాసన చూడడానికీ మొక్కలు, గోల లేని ఒక మూల ఉంటాయి. మొక్కలు జబ్బులు నయం చేస్తాయని నేననడం లేదు. పక్షవాతానికి మందులు, వ్యాయామం కావాల్సిందే. కానీ పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్లకంటే త్వరగా ఇళ్లకు వెళ్లారని, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారని రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లోనే 'సైన్స్' పత్రికలో రాశారు. కిటికీలోంచి చూస్తేనే అంత తేడా ఉంటే, ఆ చెట్ల కింద కూర్చోగలిగితే ఇంకెంత మేలో.

ఏ మొక్కలు వేస్తున్నామన్నది కూడా ఆరోగ్య విషయమేనని మన ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లన్నీ కూల్చేశాక, త్వరగా పచ్చబడాలని ఊరంతా ఏడాకులపాయ నాటారు. అవి పెరిగి పూతకొచ్చాక, చలికాలం మొదట్లో సాయంత్రమైతే ఆ ఘాటుకు తలనొప్పి, దగ్గు, ఆయాసం అంటూ జనం మొత్తుకున్నారు. చివరికి కొన్నిచోట్ల కొట్టేయాల్సి వచ్చింది. ఉబ్బసం ఉన్నవాళ్లను ముందే అడిగి ఉంటే ఆ ఖర్చూ తప్పేది, ఆ చెట్లకూ ఆ గతి పట్టేది కాదు. అందంగా ఉందని గన్నేరు పెడతాం. దానిలో అణువణువూ విషమే, దొరికింది నోట్లో పెట్టుకునే పిల్లలున్న చోట అది ఉండకూడదు. మరువం, దవనం, తులసి, నిమ్మగడ్డి, కరివేపాకు, సన్నజాజి, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి చాలు. మా అత్తగారి తరం వాళ్లకు వీటి పేర్లు ఒకరు చెప్పక్కర్లేదు, ఆకు నలిపి వాసన చూసి వాళ్లే చెబుతారు. ఎత్తు మడులకు ఖరీదైన డిజైన్లు కూడా అవసరం లేదు. బావికి దించే సిమెంటు ఒరలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి మట్టి నింపితే, వీల్‌చైర్‌ను పక్కగా ఆపుకుని మొక్క నాటొచ్చు.

మన దగ్గర మొదలే లేదని కాదు. స్మార్ట్ సిటీ పథకం కింద బీచ్ రోడ్డులో అన్ని రకాల పిల్లలూ కలిసి ఆడుకునేలా ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. ఆ ఆలోచన మంచిది. కానీ మధురవాడలోనో గాజువాకలోనో ఉన్న తల్లి ప్రత్యేక అవసరాలున్న పిల్లాణ్ని రోజూ బీచ్ రోడ్డుకు తీసుకురాగలదా? పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోనే జీవవైవిధ్య ఉద్యానం ఉంది. ఆసుపత్రి, తోట ఒకే ప్రహరీలో ఉండే వీలు ఎన్ని ఊళ్లకు దొరుకుతుంది? ఫిజియోథెరపిస్టులు, తోటమాలులు కలిసి పని చేసే ప్రయత్నాన్ని అక్కడ మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత ఊరికొక షోపీస్ కాకుండా, ప్రతి కాలనీ పార్కులో నాలుగు సెంట్ల చోటు ఇస్తే చాలు.

ఇది దయ చూపించే వ్యవహారం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినోద స్థలాలను కూడా అందరికీ అందుబాటులో ఉంచమంది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రమే.

కొత్త తోట వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. గేటులో ఒక పక్కన గొట్టం తీసి వీల్‌చైర్ పట్టేంత సందు వదలాలి. కొన్ని బెంచీలకైనా చేతులు, వీపు పెట్టించాలి. టాయిలెట్ తాళం తీయించాలి. రోజులో కొన్ని గంటలు స్పీకర్లు ఆపాలి. ఇక తోటల డిజైన్ల విషయానికొస్తే, టెండరు పిలవకముందే వాటిని వీల్‌చైర్ వాడేవాళ్లకు, చూపులేనివాళ్లకు, ప్రత్యేక పాఠశాలల టీచర్లకు, ఇంట్లో మంచం పట్టినవాళ్లను చూసుకునే మాలాంటివాళ్లకు చూపించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం