ఆదాయ ధ్రువపత్రంలో కనిపించని ప్రమాదం: శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. పిల్లలు నేరాల బారిన పడకుండా చూసే పథకాల్లో లబ్ధిదారుల ఎంపిక సాధారణంగా రెండు కాగితాలతో మొదలవుతుంది. ఒకటి కుటుంబ ఆదాయ ధ్రువపత్రం, రెండోది పోలీసు రికార్డుల్లో తరచుగా కనిపించే పేటల జాబితా. ఈ రెండింటినే నమ్ముకుంటే సాయం అందవలసిన పిల్లలు చాలామంది తప్పిపోతారనీ, అవసరం లేని పిల్లల మీద మాత్రం అనుమానపు ముద్ర పడుతుందనీ మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

లండన్‌లోని ఒక శ్రామిక పేటలో 1961లో మొదలైన కేంబ్రిడ్జ్ అధ్యయనం 411 మంది బాలురను ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు నుంచి దశాబ్దాల పాటు గమనించింది. ఇంచుమించు అందరిదీ ఒకే పేట, ఒకే తరగతి. అయినా వారిపై, వారి కుటుంబ సభ్యులపై రుజువైన నేరాల్లో సగం దాదాపు 6 శాతం కుటుంబాలకే చెందాయి. ముందువెనుకలు చూడని దుడుకుతనం, చదువులో వెనుకబాటు, పిల్లవాడు ఎక్కడ తిరుగుతున్నాడో పట్టించుకోని పెంపకం, ఒకనాడు చితకబాది మరునాడు చూసీచూడనట్లు వదిలేసే క్రమశిక్షణ, తల్లిదండ్రుల కలహాలు, ఇంట్లో ఒకరికి అప్పటికే శిక్ష పడి ఉండడం వంటివి పదేళ్లలోపే ప్రమాదాన్ని సూచించాయి. పేదరికమూ ఆ జాబితాలో ఉంది, దాన్ని నేను దాచడం లేదు. అయితే అమెరికాలో గ్లూక్ దంపతులనే పరిశోధకులు సేకరించిన 1,000 మంది బాలుర వివరాలను శాంప్సన్, లాబ్ అనే నేరశాస్త్రవేత్తలు 1993లో తిరిగి పరిశీలించినప్పుడు, పేదరికపు ప్రభావంలో అధిక భాగం పర్యవేక్షణ, క్రమశిక్షణ, తల్లిదండ్రులతో అనుబంధం సడలడం ద్వారానే పిల్లలకు చేరుతోందని తేలింది. అవి సడలడానికి ఇంట్లో డబ్బు లేకపోవడమే కారణం కానక్కరలేదు.

ఉన్నవారి ఇంట్లో ఇదే జరిగితే అది రికార్డులకు ఎక్కదు. నష్టపరిహారం చెల్లిస్తారు, బడి మారుస్తారు, మాట పోలీసు స్టేషను మెట్లు ఎక్కకముందే సర్దుబాటు అవుతుంది. బాలురనే నేరుగా అడిగి తెలుసుకున్న సర్వేల్లో, ముఖ్యంగా చిన్న నేరాల విషయంలో, తరగతుల మధ్య తేడా రికార్డులు చూపేదానికన్నా బాగా తక్కువగా ఉండడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

అమెరికాలోని ఆరెగన్‌లో జెరాల్డ్ పాటర్సన్ అనే మనస్తత్వవేత్త ఇళ్లలోకి వెళ్లి గమనించిన సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావిస్తాను, ఎందుకంటే కౌన్సెలర్‌గా నేను రోజూ వినేది అదే. తల్లి ఒక పని చెబుతుంది, పిల్లవాడు అరుస్తాడు, విసిగిపోయి ఆమె వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని అతడు నేర్చుకుంటాడు, వదిలేస్తే ఇల్లు సద్దుమణుగుతుందని ఆమె నేర్చుకుంటుంది. అదే మెళకువను అతడు బడిలో ప్రయోగిస్తే మంచి స్నేహితులు దూరమై, అతడిలాంటివారే మిగులుతారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను బెత్తానికి అనుమతిగా అర్థం చేసుకున్న తండ్రులను చాలామందిని చూశాను. బెత్తం ఈ చక్రాన్ని ఇంకాస్త వేగంగా తిప్పుతుంది, అంతే.

దరఖాస్తుల్లో తల్లిదండ్రులు కలిసి ఉన్నారా అని అడుగుతారు. అది తప్పు ప్రశ్న. నిత్యం కలహించుకుంటూ ఒకే కప్పు కింద ఉండే తల్లిదండ్రుల పిల్లలకు, విడిపోయినవారి పిల్లలకు ప్రమాదం ఇంచుమించు సమానమేనని ఆ లండన్ అధ్యయనమే చూపింది.

ఇవన్నీ సంభావ్యతలే. ఈ లక్షణాలున్న పిల్లల్లో ఎక్కువమంది నేరస్థులు కారు. పైగా పిల్లలను ఏరి సాయం చేయడం ప్రతిసారీ మేలే చేస్తుందని కూడా లేదు. 1939లో మసాచుసెట్స్‌లో మొదలైన ఒక కార్యక్రమం సదుద్దేశంతోనే వందలాది బాలురను ఎంపిక చేసి ఏళ్ల తరబడి సాయం చేసింది. ముప్పై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, కొన్ని విషయాల్లో సాయం అందని అలాంటి బాలురకన్నా సాయం పొందినవారి పరిస్థితే అధ్వానంగా ఉంది.

కాబట్టి నా అభ్యర్థన ఇది. పెంపకంలో శిక్షణను బడుల ద్వారా, టీకాల కేంద్రాల ద్వారా ఆదాయ పరిమితి లేకుండా అన్ని కుటుంబాలకూ అందుబాటులో ఉంచండి. ఎక్కువ సాయం కావలసినవారిని బిడ్డ ప్రవర్తనను బట్టి, తల్లిదండ్రులు స్వయంగా అడిగినదాన్ని బట్టి గుర్తించండి. అక్కడ నమోదైన ఏ వివరమూ పోలీసులకు చేరకూడదన్న నిబంధనను పథకం మార్గదర్శకాల్లోనే చేర్చండి.

భవదీయుడు,
ఒక పిల్లల కౌన్సెలర్