డ్రైవరుకు ఫోన్ చేయకండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళ్లే ఆటో ఎక్కితే, డ్రైవరు చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూ నడపడం తరచూ చూస్తున్నాను. వద్దంటే "అలవాటే అమ్మా, టెన్షన్ పడకండి" అంటారు. ఆ అలవాటు గురించే ఈ ఉత్తరం.

నేను చాలా ఏళ్లు ఇక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. సాధన చేస్తే రెండు పనులు ఒకేసారి చేయవచ్చని నాకు బాగా తెలుసు. కొత్తగా చేరిన పిల్లని పేరు పెట్టి పిలిస్తే చాలు, వేళ్లు ఆగిపోయేవి. హయ్యర్ (టైపులో పై స్థాయి) పరీక్షకు వచ్చేసరికి అదే పిల్ల కాయితం మీంచి చూపు తిప్పకుండా, పక్క మిషన్ అమ్మాయితో తెలుగులో కొంత, ఒరియాలో కొంత మాట్లాడుతూనే తప్పు లేకుండా పేజీ కొట్టేసేది. 1975లో షాఫర్ అనే పరిశోధకుడు ఆరితేరిన టైపిస్టుతో ఇదే చేయించి చూశాడు. చెవిన పడ్డ మాటల్ని పైకి చెబుతూ, ఎదురుగా ఉన్న కాపీని దాదాపు మామూలు వేగంతోనే కొట్టగలిగారు. కానీ విన్నది టైపు చేస్తూ, చూసింది పైకి చదవమంటే కుదరలేదు. అంత చేయి తిరిగిన మనిషికే!

కాపీలో తర్వాతి అక్షరం కళ్ల ముందే ఉంటుంది. రోడ్డు మీద తర్వాత ఏం వస్తుందో ఎవరికి తెలుసు? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఫోన్ మాట్లాడుతూ నడపడాన్ని సిమ్యులేటర్ (రోడ్డును తెర మీద చూపే నకలు బండి) మీద సాధన చేయించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. సాధన తర్వాత కూడా ఫోన్ వల్ల వచ్చే పొరపాట్లు పోలేదు. రోజూ ఫోన్ మాట్లాడుతూ బండి నడిపే అలవాటున్నవాళ్లూ మిగతావాళ్లకంటే మెరుగ్గా నడపలేదు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది కదా అనేవాళ్లకు ఒక మాట: ఫోన్ చేతిలో ఉన్నా లేకపోయినా తేడా లేదని అక్కడే 2001లో తేల్చారు. మన చట్టం మాత్రం చేతిలో పట్టుకోవడాన్నే ప్రమాదకర డ్రైవింగ్ అంటోంది.

డ్రైవర్లనే అని ఊరుకుంటే లాభం లేదు. వాళ్లకు ఫోన్ చేసేది మనమే. "ఎక్కడున్నావు, పాప ఎక్కిందా?" అని బండి నడుస్తుండగానే అడుగుతాం. ఎత్తకపోతే కోప్పడతాం. బడి ఆటోలు మాట్లాడుకునే తల్లిదండ్రులు దయచేసి ముందే ఒక మాట అనుకోండి: పిల్లలు దిగాక, బండి ఆపి డ్రైవరే ఫోన్ చేస్తాడు, ఈలోపు మనం చేయం. స్టాండు పెద్దలు కూడా ఈ మాట తెలుగులో, ఒరియాలో రాయించి ప్రతి ఆటోలో సీటు ఎదురుగా అంటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టైపు టీచరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా