పెంచిన నాన్న ఆస్తిలో ఆ బిడ్డకు చోటేది? న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో డాక్యుమెంట్ రైటర్‌ని. అమ్మకం, గిఫ్ట్, సెటిల్‌మెంట్, వీలునామా, ఏదైనా జనం నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడం నా పని. రెండో పెళ్లితో ఏర్పడిన కుటుంబాల్లో ఆస్తి దగ్గర జరుగుతున్న అన్యాయం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి జరగడమే గగనం. ఇప్పుడు భర్త పోయిన అమ్మాయికో, విడాకులైన అమ్మాయికో కన్నవాళ్లే ముందుండి సంబంధం చూస్తున్నారు. సంతోషం. కానీ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కొత్త ఇంట్లోకి వచ్చిన పసిపిల్లల సంగతి మన వారసత్వ చట్టం ఇంతవరకూ పట్టించుకోలేదు.

ఒక కుటుంబం గురించి చెబుతాను. ఆయనకు మొదటి భార్య పోయింది, ఒక కొడుకు. ఆవిడకు మొదటి భర్త పోయాడు, నాలుగేళ్ల కూతురు. ఇద్దరికీ పెళ్లయింది. స్కూల్లో ఆ పిల్ల తండ్రి పేరు దగ్గర ఆయన పేరే రాయించారు. ఫీజులు ఆయనే కట్టాడు, సంబంధం ఆయనే చూశాడు, పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడిగిందీ ఆయనే. గుండెపోటుతో ఒక్కసారిగా పోయాడు. వీలునామా లేదు. సంపాదించిన ఇల్లు, కొంచెం పొలం ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆ అమ్మాయి వాళ్లమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, కన్యాదానం ఫోటో తీసి టేబుల్ మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో తన పేరు రాలేదనీ, ఈ కాగితాలు చాలవా అనీ అడిగింది.

చాలవు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మగవాడు చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరుస వారసులు. కూతురు అంటే కన్న కూతురు, లేదా చట్టప్రకారం దత్తత తీసుకున్న కూతురు. పెంచిన కూతురికి ఆ పట్టికలో ఎక్కడా చోటు లేదు. ఆ ఇల్లు భార్యకు, కొడుక్కి, బతికి ఉన్న ఆయన తల్లికి తలా ఒక వాటా అయింది. ఆ అమ్మాయికి ఏదైనా దక్కాలంటే రేపు వాళ్లమ్మ వాటాలోంచే దక్కాలి.

ఆడవాళ్ల ఆస్తి దగ్గరా ఇదే చిక్కు. ఆమె స్వార్జితం ముందుగా తన పిల్లలకూ భర్తకూ వెళుతుంది. భర్త మొదటి భార్య కొడుకు ఈమెకు కొడుకు కిందకు రాడని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. ఈమెకు సొంత పిల్లలు లేక, భర్త కూడా లేకపోతేనే అతను భర్త వారసుడిగా వస్తాడు. ఈమెకు ఒక్క కన్నబిడ్డ ఉన్నా, చేతులారా పెంచిన మిగతా పిల్లలకు పైసా రాదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 'తల్లిదండ్రులు' అన్న నిర్వచనంలో సవతి తండ్రి, సవతి తల్లి కూడా ఉన్నారు. ముసలితనంలో వాళ్లను చూసుకునే బాధ్యత ఆ పిల్లల మీద ఉంది. ఉండాల్సిందే, నేను కాదనను. కానీ అన్నం పెట్టాల్సిన రోజున బిడ్డ అయిన మనిషి, ఆస్తి పంచుకునే రోజున పరాయిది ఎలా అయింది? సుప్రీంకోర్టే 2022 జూలైలో ఒక తెలుగు కుటుంబం కేసులో, మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి తన బిడ్డకు కొత్త భర్త ఇంటిపేరు పెట్టుకోవచ్చని చెప్పింది. కాగితాల్లో ఆయన్ని సవతి తండ్రి అని రాయమనడం బిడ్డ మనసును గాయపరుస్తుందని కూడా అంది. ఇంటిపేరు ఇవ్వగలిగిన తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆ ఇంట్లో గది కూడా రాదు.

దత్తత తీసుకోవచ్చుగా అంటారు. హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకు ఉన్నవాడు మరో కొడుకును దత్తత తీసుకోకూడదు, కూతురు ఉన్నవాడు మరో కూతురిని తీసుకోకూడదు. ఆచారం ఉంటే తప్ప పిల్లలకు పదిహేనేళ్లు నిండకూడదు. చెరో కొడుకుతో పెళ్లి చేసుకున్న జంటకు ఈ దారి మూసుకుపోయినట్టే. బాల న్యాయ చట్టం కింద మరో దారి ఉంది, అదీ పద్దెనిమిదేళ్లు నిండేలోపే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లెవరు?

మిగిలింది వీలునామా. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. నేను వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను. చావు మాట ఎత్తినట్టు మొహం చిట్లిస్తారు. పాలసీలో, బ్యాంకులో నామినీగా భార్య పేరు ఉందిగా అంటారు. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప చాలా సందర్భాల్లో సొంతదారు కాదని వాళ్లకు తెలీదు. ఇంకో టెన్షన్ ఏమిటంటే, క్రైస్తవులు పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా దానంతటదే రద్దవుతుంది, హిందువులకు అలా కాదు. మొదటి పెళ్లినాటి వీలునామా బీరువాలో మరిచిపోతే అదే చెల్లుతుంది, రెండో ఆవిడ, ఆమె పిల్లలు వీధిన పడతారు.

రాసినా గొడవ తప్పుతుందని లేదు. మా దగ్గర ఎక్కువగా రాయించేది 'భార్య జీవితకాలం అనుభవించి, తదనంతరం మొదటి భార్య పిల్లలకు చెందాలి' అని. మూడు పెళ్లిళ్లు చేసుకున్న ఒకాయన మూడో భార్యకు పోషణ కోసం ఇలాగే రాసిన కేసులో, ఆమెకు సర్వహక్కులూ వచ్చినట్టేనని 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తదనంతరం హక్కు నిలబడలేదు. ఈ విషయంలో తీర్పులు ఒక్కలా లేవని 2024 డిసెంబర్‌లో దాన్ని పెద్ద బెంచ్‌కు పంపారు. కోర్టులే తేల్చుకోలేకపోతే పల్లెటూరి రైతు ఏ మాట రాయించుకోవాలండీ?

మంత్రి గారూ, ఇది ఢిల్లీ పని అని దయచేసి అనకండి. వారసత్వం ఉమ్మడి జాబితాలో ఉంది. పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం దేశమంతటికీ 2005లో గానీ ఇవ్వలేదు. రాష్ట్రపతి ఆమోదంతో అప్పుడు చేయగలిగింది ఇప్పుడూ చేయవచ్చు.

మైనర్‌గా ఆ ఇంట్లోకి వచ్చి, అక్కడే పెరిగిన బిడ్డకు, వీలునామా లేనప్పుడు పెంచిన తండ్రి లేక తల్లి స్వార్జితంలో కన్నబిడ్డతో సమాన వాటా ఇవ్వండి. పూర్వీకుల ఆస్తి జోలికి వెళ్లనక్కర్లేదు. 'మా నాన్న ఆస్తి వేరేవాళ్ల పిల్లలకా' అని అడిగే మొదటి భార్య పిల్లల బాధ కూడా నేను రోజూ వింటూనే ఉన్నాను, అది న్యాయమైన బాధే. ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు వీలునామాలో ఆ ముక్క రాసుకోవచ్చు. ఇవ్వాలనుకుని రాయకుండా పోయినవాళ్ల బిడ్డలకే ఈ చట్టం అండ.

బిల్లుకు సమయం పడుతుందంటే, ఈలోగా ఆర్డర్‌తో అయ్యే పనులు చేయండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పెంచిన పిల్లల పేర్లకు వేరే గడి పెట్టించండి. అది వాటా ఇవ్వదు, కానీ ఆ బిడ్డకు తెలియకుండా ఆస్తి చేతులు మారదు. ఇద్దరిలో ఎవరికైనా అది రెండో పెళ్లి అయితే, మ్యారేజ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే వీలునామా, నామినీ, దత్తత గురించి తెలుగులో ఒక పేజీ చేతిలో పెట్టించండి. ఆ పేజీ తయారుచేయడానికి మాలాంటి రైటర్లను పిలిస్తే డబ్బులు తీసుకోకుండా వచ్చి కూర్చుంటాం.

భవదీయుడు,
ఒక డాక్యుమెంట్ రైటర్,
రాజమహేంద్రవరం